చప్పుడు పోయిందన్నాను

ఆయన చనిపోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. పావగడలో ఎక్కి నా పక్కన కూర్చున్న నాగలమడిక రైతు ఒకతను, వెనక సీటు మనిషితో మాట్లాడుతూ, "మా ఊర్లో సెవిటి డ్రైవరు పోయినాడప్పా, వారమాయ" అన్నాడు. ఆ వెంటనే ఇద్దరూ వానల మాటలోకి వెళ్ళిపోయారు. నేను దిగవలసిన చోట దిగలేదు. రెండు ఊళ్ళు దాటాక కండక్టరు వచ్చి భుజం తట్టితే గాని ఆ సంగతి తెలియలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. నేనెరిగిన కాలంలో పావగడంతా ఆయన్ని డ్రైవరన్న అనేది. సెవిటి అన్న మాట తర్వాత వచ్చి చేరింది. అది అలా చేరడంలో నా పాలు ఉంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒకే ఒక్కసారి పైకి చెప్పాను. అది కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

యుద్ధం రోజులవి. మాది మహారాజావారి మైసూరు సీమ. పావగడ సర్కారు ఆసుపత్రిలో నేను కంపౌండరుగా చేరి రెండేళ్ళయింది. ఇంకా పెళ్ళి కాలేదు. డ్రైవరన్నకు నలభై దాటి ఉంటాయి. ఊళ్ళో వేరుశనగ మండీ నడిపే సావుకారుకు ఒక పాత అమెరికా కారు ఉండేది. బెంగళూరులో ఎవరో దొరలు వాడి వదిలేసిన బండి. మండీ వెనక రేకుల కొట్టంలో అది ఉండేది. ఆ కొట్టం పక్క గదిలో డ్రైవరన్నా ఆయన భార్యా ఉండేవాళ్ళు. పిల్లలు లేరు.

సన్నటి మనిషి. మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా, తలకు ఎర్ర తువ్వాలు, రెండు చెవుల్లోనూ అత్తరు దూది. షోకు మనిషి అని ఊళ్ళో నవ్వుకునేవారు. బండిలో ముందు అద్దానికి పైన గుండ్రటి క్షవరం అద్దం ఒకటి తీగతో కట్టి వేలాడదీశాడు. మీసం చూసుకోవడానికని దానిమీదా నవ్వేవారు. బండి ఎక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టి ఒట్టి కాళ్ళతో తోలేవాడు. అది మాత్రం భక్తి కింద జమకట్టారు.

ఎవరు ఎదురుపడినా తనే ముందు మాట్లాడేవాడు. "ఏమప్పా, బాగుండావా, ఇంట్లో అందరూ బాగుండారా, బాగుండల్ల, వానలు ఈ పొద్దు యాడొస్తాయిలే" అని ప్రశ్నా జవాబూ తనే కలిపి చెప్పేసి, అవతలివాడు నోరు తెరిచేలోగా నవ్వుకుంటూ దాటిపోయేవాడు. తప్పనిసరిగా బదులు చెప్పవలసి వస్తే ఒకటే మాట. "ఔన్లే సామీ." సావుకారు తిట్టినా అదే, మెచ్చుకున్నా అదే. సంతలో పిల్లకాయలు ఆయన్ని చూసి "ఔన్లే సామీ" అని అరిచేవాళ్ళు. ఆయన వాళ్ళవంక చూసి బూరకొమ్ము నొక్కి పోయేవాడు. డ్రైవర్ల గొప్ప ఎవరైనా చెబితే, "బండికి నోరుంటే మేమంతా జైల్లో ఉందుమప్పా" అనేవాడు. అప్పుడు మాత్రం ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు.

ఈ అలవాట్లన్నిటి అర్థం నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. డాక్టరుగారు భోజనానికి వెళ్ళి ఉన్నారు. డ్రైవరన్న వచ్చి తలుపు దగ్గరికి వేసి, చెవుల్లోంచి అత్తరు దూది తీశాడు. వాసనకు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. రెండు చెవులూ చీము కారుతున్నాయి. ఎన్నేళ్ళుగానో కారుతున్నాయి. కడిగి మందు వేశాను. డాక్టరుగారు తిరిగొచ్చి గొట్టం పెట్టి చాలాసేపు చూశారు. చెవుల పొరలు రెండూ చివికిపోయాయనీ, లోపలి ఎముకలు కూడా చెడ్డాయనీ, ఉన్న కాస్త వినికిడీ పోతుందే గాని పెరగదనీ చెప్పారు. అంత గట్టిగా చెప్పినా డ్రైవరన్న ఆయన పెదవుల వంకే చూస్తున్నాడని నేను అప్పుడు గమనించాను.

డాక్టరుగారు లోపలికి వెళ్ళాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"కంపౌండరప్పా, ఈ మాట ఈ గది దాటకూడదు. చెవుల్లేని డ్రైవరును యావడు పెట్టుకుంటాడు? నాకి ఇంగొక పని రాదు. భూమి లేదు, గొర్రెల్లేవు. చిన్నప్పటి నుంచి ఈ చక్రం పట్టుకునుండేదే."

"మరి దారిలో వెనక బండి వస్తే ఎట్లన్నా? కూత వినపడదు కదా" అన్నాను, నోరు బాగా తెరిచి.

"ఎద్దుల చెవులు చూస్తా. ఎనక లారీ వస్తే నాకంటే ముందు ముందర పోయే బండెద్దులకు తెలుస్తాది. వాటి చెవులు తిరుగుతాయి. అది చూసి నేను పక్కకు తీస్తా. ఇంజను మాట పాదాలకు తెలుస్తాది. సావుకారు మాట ఆ అద్దంలో అగపడతాది, ఆయప్ప నోరు నాకి కంఠపాఠం." చెప్పి, తన తెలివికి తనే కొంచెం సంతోషపడ్డాడు. మళ్ళీ నా చెయ్యి నొక్కాడు. "చెప్పవు గదా?"

చెప్పనన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. ఎవరికీ చెప్పకుండానే ఆయన్ని ముంచాను.

శివరాత్రి దాటాక ఒకరోజు ఆయన ఆసుపత్రికి పరుగున వచ్చాడు. రోగుల వరసలో నిలబడకుండా నేరుగా మందుల గదిలోకి వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"బండి ముందర ఏందో సప్పుడంట. గటగటమంటాండాదంట. సావుకారు రెండు తూర్లు చెప్పినాడంట, నేను అద్దంలో చూసుకోలేదు. మూడో తూరి భుజం పట్టి గుంజినాడు. ఏ పక్క, ఎప్పుడు, ఎట్లాంటి సప్పుడు అని అడగాల్సింది. ఎట్ల అడుగుతా? డ్రైవరు అడిగే మాటనా అది?"

ముందు నాకు అందులో ఇంత భయపడవలసింది ఏముందో తెలియలేదు. పాత బండి, చప్పుడు చేస్తుంది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముందు చక్రాల దగ్గర పుట్టే చప్పుడు ఊరికే వదిలేసేది కాదట. అది రేకు చప్పుడైతే ఏమీ లేదు. చక్రాలను తిప్పే కడ్డీల చప్పుడైతే ఒకరోజు చెయ్యి ఒకవైపు తిప్పితే బండి ఇంకోవైపు పోతుంది. ఏ చప్పుడో తెలియాలంటే వినాలి. కళ్ళు లేనివాడిని దారి అడిగినట్టుంది నా పని అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, సీసాల మధ్య నిలబడి.

"నీ చెవులు నాకి అప్పియ్యప్పా" అన్నాడు.

అప్పట్లో చుట్టుపక్కల పల్లెల్లో వాంతిభేది సూదులు వేయడానికి నన్ను పంపేవారు. ఎద్దుబండిలో పోయి రావడానికి రోజంతా పట్టేది. డ్రైవరన్న సావుకారుతో చెప్పి, మండీ పనిమీద ఎటు వెళ్ళినా నన్ను దించే ఏర్పాటు చేశాడు. సర్కారు మనిషికి ఉపకారం కాబట్టి సావుకారు సరేనన్నాడు. డాక్టరుగారు సంతోషించారు. నేను సూదుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేవాణ్ణి. బలసముద్రం దారిలో మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. బండి కంకర మీద పడగానే ముందు నుంచి గటగటమని మొదలై, నున్నటి మట్టి దారి రాగానే ఆగేది.

ఆయన బండి ఆపి నావైపు తిరిగి కూర్చునేవాడు.

"ఎట్లాంటిది చెప్పు. డబ్బాలో రాయి ఆడిచ్చినట్లనా, గజ్జెల సప్పుడా, రోకలి సప్పుడా?"

"డబ్బాలో రాయి మాదిరి."

"మలుపులోనా, తిన్నగా పోయేటప్పుడా? బిరేకు తొక్కినప్పుడు నిలిచెనా?"

నాకు తెలియదనే వాణ్ణి. మళ్ళీ తోలేవాడు. మళ్ళీ ఆపి అడిగేవాడు. కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగేవాడు. నా మాటల్లో తేడా వస్తే ఆయన ముఖం వాడిపోయేది.

మొదట బండి ముందు వేలాడే, ఇంజను తిప్పే హ్యాండిలుకు గోనెగుడ్డ చుట్టాడు. చప్పుడు పోలేదు. దీపాలను కలిపే కడ్డీ బిగించాడు. పోలేదు. మడ్‌గార్డుల బోల్టుల కింద పాత చెప్పుల తోలు కోసి వేశాడు. కొంచెం తగ్గి మళ్ళీ వచ్చింది. బిరేకు కడ్డీలకు తాడు చుట్టాడు. ఒక్కో పనికి రెండు మూడు రోజులు. యుద్ధం మూలాన సామాను దొరికేది కాదు. బెంగళూరుకు రాస్తే ఆ కంపెనీ భాగాలు రావడం లేదని జాబు వచ్చేది.

సాయంత్రాలు నేను కొట్టానికి వెళితే, ఆయన జాకీతో ముందు చక్రం లేపి, కింద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. నన్ను చక్రం పట్టుకుని ఊపమనేవాడు. మూరెడు వేపకొమ్మ ఒకటి పళ్ళతో కరిచి పట్టుకుని దాని రెండో కొన ఇనుముకు ఆనించేవాడు. చెవులు చేయలేని పని పళ్ళు కొంత చేసేవట. ఒక్కో బోల్టు దగ్గరా ఆ కొన పెట్టి కళ్ళు మూసుకునేవాడు. "ఉండాది. ఈడనే యాడనో ఉండాది. ఊపు సామీ, గట్టిగా ఊపు" అనేవాడు. నిలబడిన బండిలో చక్రం ఊపితే వచ్చే చప్పుడు వేరు, దారిలో వచ్చేది వేరు. అది ఆయనకూ తెలుసు. అయినా కొన అక్కడా ఇక్కడా మారుస్తూ గంటలు గంటలు పడుకునేవాడు. లేచేసరికి పెదవుల చివర రక్తం ఉండేది.

ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చేది. మాట తక్కువ మనిషి. ఒకరోజు ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నాతో అంది. "కంపౌండరప్పా, నెలాయ ఆయప్ప కంటికి నిద్ర లేక. నువ్వుండావనే ధైర్యం. మా అన్నదమ్ములు గూడ ఇంత చేయలేదు."

ఉగాది దగ్గరికి వచ్చింది. సావుకారు గడువు పెట్టాడు. "పండగ లోపల ఆ సప్పుడు మానిపిస్తివా సరి. లేకుంటే హిందూపురం నుంచి ఇంగొక డ్రైవరును పిలిపిస్తా. నువ్వు బండి తోలడమే మరిచినట్లుండావు." డ్రైవరన్న అద్దంలో ఆ మాటలన్నీ చూశాడు. ఒక్క ముక్క వదలకుండా నాకు అప్పజెప్పాడు.

ఇక మిగిలినవి రెండే చోట్లన్నాడు. ఒకటి, ముందు కమాను పట్టీలను పట్టి ఉంచే బోల్టులు. అవి సగానికి అరిగి ఉన్నాయి. రెండోది, స్టీరింగు కడ్డీ చివర గిన్నెలో తిరిగే ఇనుప గుండు. దాన్ని విప్పితే బండి రెండు రోజులు కదలదు. సావుకారు ఒప్పుకోడు. అందుకని ముందు బోల్టుల పని పెట్టుకున్నాడు. అరసికెరెలో ఒక కమ్మరి ఉన్నాడని, నేను ఆ ఊరికి సూదులు వేయడానికి వెళ్ళే రోజు చూసి ఇద్దరం బయలుదేరాం.

పొద్దున్నుంచి కమ్మరి పాత గిలక ఇరుసులను కాల్చి సాగదీసి బోల్టులు చేశాడు. డ్రైవరన్న కొలిమి పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ వేలితో తడిమి, కొలత కుదిరేదాకా ఆకురాయితో రాసి, మధ్యాహ్నానికి బిగించాడు. నేను ఆ ఎండలో ఊరంతా తిరిగి సూదులు వేసి వచ్చాను. అన్నం దొరకలేదు. తల పగిలిపోతోంది. ముందురోజే డాక్టరుగారు, "సాయంత్రాలు మండీలో నీకేం పని? మందుల గది ఎవరు చూస్తారు?" అని కోప్పడ్డారు. సావుకారు బండి అంటే నాకు అప్పటికి రోత పుట్టింది. ఆ మాట ఒప్పుకోవాలి.

తిరుగుదారిలో కంకర మొదలయ్యే చోట ఆయన నావైపు చూశాడు.

"ఉండాదా?"

చెవులు పెట్టి విన్నాను. "లేదు."

అర మైలు పోయాక మళ్ళీ చూశాడు. లేదన్నాను. నిజంగానే లేదు. నెలరోజులుగా మమ్మల్ని పీడించిన గటగట లేదు. మూడోసారి లేదన్నప్పుడు ఆయన పాడటం మొదలుపెట్టాడు. తన గొంతు తనకు వినపడని మనిషి పాట. శ్రుతీ లయా లేని ఆ పాట వింటూ నేనూ నవ్వాను.

"ఈ పొద్దు గూడ ఉంటే రేపు ఆ గుండు ఇప్పేద్దామనుకుంటి సామీ. సావుకారు కాళ్ళు పట్టుకోనైనా ఇప్పేద్దామనుకుంటి. ఆ పని తప్పె" అన్నాడు.

పావగడ కొండ కనబడుతోంది. ఊరికి ముందు ఒక వంక ఉంది. నీళ్ళు లేవు, అడ్డంగా రాళ్ళు పరిచి ఉంది. బండి అందులోకి దిగేటప్పుడు ముందు నుంచి ఒక చప్పుడు వచ్చింది. టక్. పాతది కాదు. మెత్తగా, లోతుగా, తలుపు వెనక ఎవరో వేలితో తట్టినట్టు. ఎక్కేటప్పుడు మళ్ళీ రెండుసార్లు. టక్, టక్.

ఆయన బండి ఆపాడు. నావైపు తిరిగాడు. ఆ ముఖం ఇప్పటికీ నాకు కనబడుతుంది. దుమ్ము, చెమట, పెదవి చివర ఆరిన రక్తం. కళ్ళు మాత్రం నా నోటి మీద.

"ఈడ గూడ లేదు గదా?"

జాలిపడి అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉంది. దానికంటే ఎక్కువగా ఆకలి ఉంది, తలనొప్పి ఉంది, రేపు మళ్ళీ ఈ బండి ఎక్కాలా అన్న విసుగు ఉంది.

"లేదన్నా. పోయింది" అన్నాను.

ఆయన కిందికి దిగి బండి ముందుకు వెళ్ళి మడ్‌గార్డుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా మోకాళ్ళు ముట్టి దండం పెట్టబోయాడు. నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

ఉగాది గడిచింది. సావుకారు సంతోషంగా ఉన్నాడు. అప్పుడప్పుడూ ఏదో తట్టుతుందిగాని పర్వాలేదు అన్నాడట. ఆ మాట డ్రైవరన్న అద్దంలో చూసి కూడా లెక్కపెట్టలేదు. కంపౌండరప్పే పోయిందన్నాక ఇంకేముంది అనుకున్నాడు.

పండగైన రెండో వారంలో సావుకారు తన తల్లిని నాగలమడిక గుడికి తీసుకుని బయలుదేరాడు. చెరువు కట్ట మీద పోతుండగా స్టీరింగు కడ్డీ చివరి గుండు గిన్నెలోంచి జారి ఊడిపోయింది. చక్రం డ్రైవరన్న చేతిలో ఉత్తినే తిరిగింది. బండి కట్ట దిగి, కోసిన చేలోకి పోయి రాళ్ళ కుప్పకు తగిలి నిలిచింది. నీళ్ళవైపు పడి ఉంటే ముగ్గురూ దక్కేవాళ్ళు కాదు.

ముగ్గురినీ ఎద్దుబండిలో ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరుగారు తాలూకా అమల్దారుగారి క్యాంపుకు వెళ్ళి ఉన్నారు. నేను ఒక్కణ్ణే. ముసలమ్మ ముంజేయి విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాను. సావుకారుకు ఏమీ కాలేదు. డ్రైవరన్నకు నుదురు చీలింది. ఆయన్ని కిటికీవైపు ముఖం పెట్టి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి గాయం కడుగుతున్నాను. సావుకారు ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సప్పుడు పోయిందంటివి గదరా. ఏం పోయింది? మా అమ్మను చంపేస్తాంటివి గదా."

డ్రైవరన్న కదల్లేదు.

"నిన్నే, అడుగుతాండేది!"

అప్పుడు నేను ఆయన భుజం మీద వేలు పెట్టి ఉంటే చాలు. కళ్ళతో సైగ చేసినా చాలు. తిరిగి చూసేవాడు, ఎప్పటిలాగే ఏదో ఒక జవాబు చెప్పేవాడు. నేను నీళ్ళు పోస్తూ ఉండిపోయాను. సావుకారు ఇంకోసారి అరిచాడు. తర్వాత ఏమనుకున్నాడో, బల్ల మీది ఇత్తడి బేసిను తీసి ఆయన వెనక నేలకేసి కొట్టాడు. నేను ఎగిరిపడ్డాను. ముసలమ్మ కెవ్వుమంది. డ్రైవరన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, మెల్లగా నన్నడిగాడు.

"అవ్వ చెయ్యి అతుక్కుంటాదా సామీ?"

సావుకారు నడుచుకుంటూ ఆయన ముందుకు వచ్చాడు. వంగి, ముఖంలో ముఖం పెట్టి అడిగాడు.

"నీకి చెవుడారా?"

నుదుటి నీళ్ళు కళ్ళలో పడుతున్నాయి. ఆయనకు పెదవులు సరిగా ఆనినట్టు లేదు. అలవాటు ప్రకారం తల ఊపాడు.

"ఔన్లే సామీ" అన్నాడు.

సావుకారు నావంక చూశాడు. నా చేతిలో దూది ఉంది. ఆ చెవుల్లో మందు వేసినవాణ్ణి నేను. సావుకారు నోటి నుంచి ప్రశ్న రాకముందే నేను తల దించుకుని దూది తడపడానికి తిరిగాను.

మర్నాడు పొద్దున డ్రైవరన్న ఆసుపత్రి వెనక గోడ దగ్గరికి వచ్చాడు. తలకు కట్టు, చేతిలో మూట. గది ఖాళీ చేయమన్నారట. ఆయన భార్య దూరంగా చింతచెట్టు కింద నిలబడి ఉంది. నన్ను తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండును.

"నీ పేరు యాడా ఎత్తలేదప్పా. నువ్వు సర్కారు ఉద్యోగస్తుడివి, నీకి ఇబ్బంది రాకూడదు" అన్నాడు. "ఒగటే నాకి తెల్లేదు. రాత్రంతా తలచుకుంటాండా. నువ్వు చెవులారా వింటివి, పోయింది అంటివి. పోయిన సప్పుడు మల్ల ఎట్ల వచ్చె? అంటే గుండు కొత్తగా అరిగిందే. ఈ పదైదు దినాల్లో అరిగిందే. నేను ముందే ఇప్పి చూడాల్సింది. తప్పు నాదే."

నోటిదాకా వచ్చింది. నా పెదవులు కదలడం చూసి ఆయన ముందుకు వంగాడు, ఏమంటున్నానో చూద్దామని. నేను ఒక సీసాలో టింక్చరు, కొంచెం దూది పెట్టి ఇచ్చి, రోజూ పూసుకోమన్నాను. ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

సావుకారు ఆయన్ని ఇంకేమీ చేయలేదు. చెవిటివాడని నాలుగు ఊళ్ళలో చెప్పాడు, అంతే. దాంతో బండి ఉన్న ఏ ఇంటి గడపా ఆయన ఎక్కలేకపోయాడు. కొన్నాళ్ళు మండీల్లో మూటలు మోశాడని విన్నాను. తర్వాత భార్య పుట్టిల్లు నాగలమడికకు పోయారన్నారు.

యుద్ధం ముగిసింది. నాకు వేరే ఊరికి బదిలీ అయింది. పెనుకొండలో రైలు ఎక్కాలని, పెట్టె పరుపుచుట్ట వేసుకుని సర్వీసు బస్సెక్కాను. నాగలమడిక దాటాక పినాకిని ఏటిలో దిగగానే బస్సు ఇసుకలో కూరుకుపోయింది. నీటి చుక్క లేదు, అరమైలు పొడుగున ఎండకు మండే ఇసుక. జనమంతా దిగారు. ఇలాంటి బండ్లను తోసి బతికే మనుషులు ఏడెనిమిది మంది ఈతచాపలు తెచ్చి చక్రాల కింద పరుస్తున్నారు. వాళ్ళలో ఒకాయన మడ్‌గార్డు మీద అరచెయ్యి బోర్లా పెట్టి కదలకుండా నిలబడి ఉన్నాడు. ఎర్ర తువ్వాలు లేదు. జుట్టు నెరిసింది. చెయ్యి పెట్టిన తీరు చూసి గుర్తుపట్టాను.

ఆయన భార్య ఒడ్డున తడిక నీడలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. చూసి, రెండు చేతులూ పట్టుకుని, "కంపౌండరప్పా!" అని ఏరంతా మారుమోగేలా అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు.

ఆ ఊరు వదిలి పోతున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదు. ఆయన్ని తడిక దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పాను. చెవిటివాడికి చెప్పాలంటే అరవాలి కదా, అరిచాను.

"అన్నా, ఆ పొద్దు చప్పుడు పోలేదు. అరసికెరె దారిలో, వంక దగ్గర నేను విన్నాను. విని కూడా పోయిందని అబద్ధం చెప్పాను. నువ్వు గుండు విప్పి చూసేవాడివి. నేను విప్పనియ్యలేదు. తప్పు నీది కాదు, నాది."

చాపలు పరిచేవాళ్ళు ఆగిపోయారు. దిగిన జనం తిరిగి చూశారు. ఆయన భార్య చేతిలోని శేరు గిన్నె అలాగే నిలిచింది. అందరికీ వినపడింది. ఆయన మాత్రం నవ్వుతూ నన్నే చూస్తున్నాడు.

"తల ఎత్తి చెప్పప్పా. కిందికి చూసి మాట్లాడితే నోరు అగపడ్ల" అన్నాడు.

తల ఎత్తాను. ఆయన వెనక ఆమె లేచి నిలబడి ఉంది. మెల్లగా, పెదవులు ఆయనకు కనబడకుండా ఆయన వీపు చాటున నిలబడి నాతో అంది.

"ఇంగ చెప్పొద్దప్పా. ఆ తప్పు తనదే అనుకొని ఎట్లనో మోస్తాండాడు. లోకంలో ఒగ మనిషి తన పక్కన ఉండె అని నిన్ను తలచుకొని బతుకుతాండాడు. అది గూడ తీసేస్తే ఈ మనిషి దగ్గర ఏముంటాది? నువ్వు చెప్పి తేలిగ్గా పోతావు. ఈడ ఉండేది నేను."

నేను ఆయన కళ్ళలోకి చూసి, నోరు బాగా తెరిచి, "ఆరోగ్యం బాగుందా అని అడిగినానన్నా" అన్నాను.

"ఓ, బాగుండాది" అని ఆయన పెద్దగా నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి తోసేవాళ్ళవైపు తిప్పి నిలబెట్టాడు. "నేను చెప్పలేదా మీకు? ఈయప్పే. నెల దినాలు నా కోసరం ఎండలో తిరిగి తన చెవులు నాకిచ్చిన మారాజు ఈయప్పే."

వాళ్ళందరూ విన్నవాళ్ళే. ఒక్కరూ నావంక చూడలేదు. ఇసుక వంక చూస్తూ నిలబడ్డారు. ఒకతను ఉమ్మేసి చాప సర్దుకున్నాడు. ఆమె రెండు దోసిళ్ళ కాయలు నా తువ్వాలులో పోసి మూట కట్టి చేతికిచ్చింది. తీసుకున్నాను.

బస్సు డ్రైవరు కూత వేశాడు. నేను మిగతా జనంతో నడిచి ఏరు దాటబోతుంటే డ్రైవరన్న పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు నడిచేదేంది సామీ, ఈ ఎండలో? ఎక్కి కూచ్చో. నువ్వొగడివి బరువా?"

వద్దన్నాను. వినపడితే కదా. చెయ్యి పట్టి మెట్టు ఎక్కించి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తర్వాత వెనక్కి వెళ్ళాడు. ఖాళీ బస్సులో నేను ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను. వెనక నుంచి ఆయన కేకలు వినపడుతున్నాయి, "ఎయ్ భుజం, ఎయ్" అని. బస్సు ఊగింది, నిలిచింది, మళ్ళీ ఊగింది. వెనక్కి తిరిగి చూశాను. వెనక కిటికీ అద్దంలోంచి ఆయన నెరిసిన తల, రేకుకు ఆనించిన భుజం కనబడ్డాయి. పళ్ళు బిగబట్టి తోస్తున్నాడు. అవతలి ఒడ్డు దాకా ఆయన నన్ను అలాగే తోసుకుంటూ వచ్చాడు.